కాంటెస్సా 26, కాంటెస్సా 32, మా నాన్న అడిగిన ఒక్క ప్రశ్న

కాంటెస్సా అనగానే మీలో చాలామందికి కారు గుర్తొస్తుంది. పాత సినిమాల్లో విలన్ దిగే కారు. లేదంటే ఎమ్మెల్యే గారు దిగే కారు. మా ఊళ్లో ఒక్కటే ఉండేది, అదీ స్టార్ట్ అవ్వాలంటే నలుగురు తొయ్యాలి. ఈ వారం ఆ కాంటెస్సా గురించి కాదు. ఇంగ్లండ్‌లో అదే పేరుతో తెరచాప పడవలున్నాయి. ఒకటి 26, ఇంకోటి 32. ఆ నంబర్లు పడవ పొడవు, అడుగుల్లో.

రెండు వారాల కింద ఇదే కాలమ్‌లో సౌతాంప్టన్‌లో ఆఫీసు కొలీగ్‌తో పడవ ఎక్కానని ఒక్క లైన్ రాసి వదిలేశా. అసలు విషయం ఏంటంటే, ఆ కొలీగ్ దగ్గర వారాంతాల్లో రెండేళ్లుగా తెరచాప పని నేర్చుకుంటున్నా. నేనూ మా రూమ్మేటూ కలిసి ఓ పాత పడవ కొందామని ఆర్నెల్లుగా అనుకుంటున్నాం. ఆగండి, డబ్బులెక్కువై కాదు. ఇక్కడ నలభై, యాభై ఏళ్ల ఫైబర్‌గ్లాస్ పడవలు సెకండ్‌హ్యాండ్ కారు రేటుకి దొరుకుతాయి. మేం చూసిన 26కి ఓనర్ 8,000 పౌండ్లు చెప్పాడు. మన లెక్కలో దాదాపు 9 లక్షలు. మేం చూసిన 32కి 22,000 పౌండ్లు. పాతిక లక్షల దాకా. ఒకే ఇంటిపేరు, ఒకే ఊళ్లో పుట్టిన అన్నదమ్ములు, మధ్యలో పదహారు లక్షల తేడా. ఆ పదహారు లక్షలకి ఏమొస్తుంది అన్నదే మా ఇంట్లో గొడవ.

రెండూ లిమింగ్టన్‌లో పుట్టాయి. సౌతాంప్టన్ నుంచి రైల్లో వెళ్లిపోయేంత దగ్గర. అక్కడ జెరెమీ రోజర్స్ అనే ఆయన పడవలు కట్టేవాడు. డేవిడ్ శాడ్లర్ డిజైనర్. 1940ల్లో స్కాండినేవియాలో వచ్చిన ఫోక్‌బోట్ అనే చెక్క పడవని ఆధారం చేసుకుని 1960ల మధ్యలో 26 తయారైంది. 1970ల మొదట్లో 32 వచ్చింది. చెక్క పడవ అంటే ఒక్కో పలకా వడ్రంగి కూర్చాలి. ఫైబర్‌గ్లాస్‌కి ఒక్క అచ్చు చాలు. లోపల మెరిసే పూత పూసి, గాజునార పరిచి, రెజిన్‌తో తడిపి, పొర మీద పొర వేసి, గట్టిపడ్డాక బయటికి లాగడమే. ఒక్కసారి రాసిన కోడ్‌ని వందసార్లు రన్ చేసినట్టు. అలా వందల కొద్దీ వచ్చాయి. నెల జీతగాళ్లకి కూడా పడవ అందుబాటులోకి వచ్చింది అప్పుడే. గాజునార కాలక్రమంలో ఎలా ఉంటుందో అప్పటికి ఎవరికీ పెద్ద అనుభవం లేదు కాబట్టి, చాలామంది బిల్డర్లు ఎందుకైనా మంచిదని మందంగా వేశారు. ఆ భయం పుణ్యమే మనం ఇవాళ వాటిని చౌకగా కొనుక్కోగలగడం.

మన తీరంలో వాళ్లకి ఫైబర్ పడవ కొత్తేం కాదు. సునామీ తర్వాత మన రేవుల్లో చెక్క తెప్పల పక్కన ఫైబర్ బోట్లు బాగా పెరిగాయి. కానీ వాటికీ వీటికీ ఓ పెద్ద తేడా ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తా, ఎందుకంటే నాకూ అది తర్వాతే అర్థమైంది.

ముందు 26 ఎక్కాం. లోపలికి దిగగానే మా రూమ్మేట్ తలకి టంగుమని తగిలింది. వాడిది కరీంనగర్. ఇరవై రెండేళ్లొచ్చే దాకా సముద్రం చూడలేదు. తల రుద్దుకుంటూ "గీ డబ్బాలో ఎట్ల పండుకుంటర్రా మావా" అన్నాడు. నిజమే, క్యాబిన్‌లో నిటారుగా నిలబడలేం. వెడల్పు ఎక్కువలో ఎక్కువ ఏడున్నర అడుగులు, అదీ మధ్యలో. రెండు వైపులా రెండు బెంచీలు, అవే మంచాలు. ఒక గ్యాస్ పొయ్యి. ముందు భాగంలో త్రికోణంలో ఇంకో పరుపు. మా స్లీపర్ బస్సు పై బెర్త్ ఇంతకంటే విశాలం.

కానీ తెరచాప ఎత్తాక కథ మారింది. 26కి కీల్ పొడుగ్గా, పడవ అడుగు వెంబడి ఉంటుంది. చుక్కాని వెనక తగిలించి ఉంటుంది. ఓసారి దారిలో పెట్టి వదిలేస్తే పట్టాల మీద రైల్లా పోతుంది. చేతిలో చుక్కాని కర్ర రెండు వేళ్లతో పట్టుకున్నా చాలు. తెరచాప తాడు నేనొక్కడినే లాగగలిగా. ఓనర్ ముసలాయన టీ తాగుతూ కూర్చున్నాడు, ఏ ముడీ వచ్చి సరిచెయ్యలేదు. అదే పొడుగు కీల్ రివర్స్‌లో పగ తీర్చుకుంటుంది. మెరీనాలో వెనక్కి తియ్యడం అంటే అమీర్‌పేట సందులో వాటర్ ట్యాంకర్ తిప్పడమే. ఎటు తిప్పినా అది వెళ్లాలనుకున్న వైపే వెళ్తుంది.

ఆ రోజే ఇంకో పాఠం. లిమింగ్టన్ నుంచి పడమటికి వెళ్తే హర్స్ట్ అనే ఇరుకు వస్తుంది. సోలెంట్ నీళ్లన్నీ అక్కడే పిండినట్టు పోతాయి. పౌర్ణమి, అమావాస్య రోజుల తర్వాత ఆటుపోటు ప్రవాహం 4 నాట్లు దాటుతుంది. మేం టైమింగ్ తప్పాం. పడవ నీళ్లలో 5 నాట్లతో దూసుకుపోతోంది, నురగ కక్కుతోంది, ఫోన్‌లో జీపీఎస్ మాత్రం 1 నాట్ చూపిస్తోంది. అంటే గంటకి రెండు కిలోమీటర్లు కూడా లేదు. ఒడ్డు మీద ఓ ఆంటీ కుక్కతో నడుస్తూ మమ్మల్ని దాటేసింది. మా వాడు అప్పుడే తేల్చేశాడు. "పెద్ద పడవ కొనాలె, స్పీడుంటది."

వారం తర్వాత 32 ఎక్కాం. వాడి మొహం చూడాలి. లోపల నిలబడ్డాడు. నిలబడి, ఇంకోసారి నిలబడి చూసుకున్నాడు. సింకు, చార్టు బల్ల, తలుపున్న టాయిలెట్. తలుపు తీసి, వేసి, మళ్లీ తీశాడు. వాడి భార్య, రెండేళ్ల పాప ఏప్రిల్‌లో వస్తున్నారు. వాళ్లని ఎక్కడ కూర్చోబెట్టాలో, పాపకి వల ఎక్కడ కట్టాలో వాడు అప్పుడే లెక్కలేస్తున్నాడు. బయట గాలి బాగా లేచింది. 32 కీల్ 26కి ఉన్నంత పొడుగు కాదు, రెక్కలా విడిగా కిందికి దిగి ఉంటుంది. చుక్కాని ముందు దానికో దన్ను. గాలికి ఎదురుగా వెళ్లేటప్పుడు తేడా తెలిసింది. 26 ప్రతి అలకీ సలాం కొడుతుంది. ఇది అలని కోసుకుంటూ పోయింది. తడవడం మాత్రం రెండింట్లోనూ తప్పదు. రెండూ నీళ్లకి దగ్గరగా కూర్చునే పడవలే, 32 అయితే ఒక్కోసారి సబ్‌మెరైన్ అనుకుంటుంది. తెరచాప తాడు లాగడానికి వించ్ హ్యాండిల్ తిప్పి తిప్పి నా భుజాలు పడిపోయాయి. మాస్ట్ పక్కన ఓ చోట అడుగేస్తే డెక్ కొంచెం కుంగినట్టనిపించింది. ఆ కాలం పడవల్లో చాలా వాటికి డెక్ మధ్యలో తేలికైన బాల్సా చెక్క పొర ఉంటుంది. ఏ బోల్టు రంధ్రంలోంచో నీళ్లు దిగితే అది లోపలే కుళ్లుతుంది. ఓనర్‌ని అడిగితే "పాతవాటికి అంతే" అన్నాడు. సెకండ్‌హ్యాండ్ బైకు అమ్మేవాడు ఏ దేశంలోనైనా ఒకేలా మాట్లాడతాడు.

ఆ రాత్రి ల్యాప్‌టాప్ తీశా. నాకు గొడవ వస్తే స్ప్రెడ్‌షీట్ తెరిచే రోగం ఉంది.

ముందు స్పీడు సంగతి. పడవ కదిలితే ముందో అల, వెనకో అల లేస్తాయి. వేగం పెరిగేకొద్దీ ఆ రెండింటి మధ్య దూరం పెరుగుతుంది. ఆ దూరం పడవ నీటిని తాకే పొడవుతో సమానం అయ్యేసరికి, పడవ తను పుట్టించిన గుంటలోనే తను ఇరుక్కుంటుంది. ఇలాంటి బరువు పడవలు అక్కడి నుంచి ఎక్కలేవు. ఎంత గాలి ఉన్నా వృథా. లెక్క సింపుల్. నీటిగీత పొడవు అడుగుల్లో తీసుకుని, వర్గమూలం కట్టి, 1.34తో గుణిస్తే నాట్లలో వేగం వస్తుంది. 26కి నీటిగీత 21 అడుగులు. 32కి 24. చూశారా, పేరులో ఆరడుగుల తేడా నీళ్లలోకొచ్చేసరికి మూడడుగులే. ఆ కాలం డిజైన్లలో ముందూ వెనకా నీళ్లపైకి చాచుకుని ఉంటాయి మరి. వర్గమూలం దెబ్బకి మిగిలిందీ కరిగిపోయింది. 26కి 6.1 నాట్లు, 32కి 6.6. గంటకి 11 కిలోమీటర్లు ఒకటి, 12 కిలోమీటర్లు ఇంకోటి. రెండూ సాయంత్రం ఆరింటికి హైటెక్ సిటీ ఫ్లైఓవర్ స్పీడే.

మా కల షెర్‌బూర్గ్. ఇంగ్లిష్ ఛానల్ అవతల, ఫ్రాన్స్‌లో. సోలెంట్ దాటాక దాదాపు 60 నాటికల్ మైళ్లు. 26లో సగటున 5 నాట్లు అనుకుంటే 12 గంటలు. 32లో 11 గంటలు. పదహారు లక్షలకి ఒక గంట.

ఇప్పుడు బరువు. 26 బరువు సుమారు 2,450 కిలోలు. 32 బరువు 4,310. అంటే ముప్పావు వంతు ఎక్కువ. పొడవు పెరిగితే వెడల్పూ లోతూ కూడా పెరుగుతాయి కదా, అందుకే వేగం పాకుతుంటే బరువు దూకుతుంది. ఖర్చులు బరువు వెంటే పోతాయి. లంగరు పెద్దది, గొలుసు లావుది, తెరచాప పెద్దది, ఏటా అడుగున పూసే పెయింట్ డబ్బాలు ఎక్కువ. మెరీనా వాళ్లు మీటర్ లెక్కన అద్దె తీసుకుంటారు. కొన్న ధర ఒక్కసారి ఏడిపిస్తుంది, మెరీనా బిల్లు ఏడాదికోసారి గుర్తు చేస్తుంది.

ఇవన్నీ వాడికి చూపించా. వాడు ఓపిగ్గా విన్నాడు. "మరి నా బిడ్డ ఏడ నిలబడతది?" అన్నాడు. స్ప్రెడ్‌షీట్‌లో దానికి కాలమ్ లేదు. రెండ్రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు.

26కి పెద్ద ప్రయాణాలు చేతకావని మాత్రం అనుకోకండి. 1985 మేలో న్యూయార్క్ నుంచి టానియా ఎబీ అనే 18 ఏళ్ల అమ్మాయి ఒంటరిగా బయల్దేరింది. పడవ కాంటెస్సా 26, కెనడాలో లైసెన్స్ మీద కట్టింది. కాలేజీకి వెళ్తావా, పడవ కొనిస్తా ప్రపంచం చుట్టొస్తావా అని వాళ్ల నాన్నే అడిగాడు. ఎంసెట్ తప్ప రెండో ఆప్షన్ ఇవ్వని తండ్రుల చేతుల్లో పెరిగిన మనకి ఇది సైన్స్ ఫిక్షన్. జీపీఎస్ లేదు, సూర్యుణ్ణీ నక్షత్రాల్నీ కొలుచుకుంటూ తిరిగి, 1987 నవంబర్‌లో న్యూయార్క్‌కే తిరిగొచ్చింది. ఆ పడవ పేరేంటో తెలుసా? వరుణ. మన వరుణుడే.

ఇక నేను ఇన్నాళ్లూ వాయిదా వేసిన ఫోన్ కాల్.

మాది నాగాయలంక వైపు. దివిసీమ. తెలిసినవాళ్లకి ఇంక చెప్పక్కర్లేదు. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు మా నాన్నకి ఎనిమిదేళ్లు. ఆ రాత్రి వాళ్ల నానమ్మా, చిన్న చెల్లీ పోయారు. నాన్న ఎలా మిగిలాడో నాకు ముక్కలు ముక్కలుగా తెలుసు, అదీ వేరేవాళ్లు చెప్తే. తాటిచెట్టంత నీళ్లు అని ఊళ్లో పెద్దవాళ్లు అనేవాళ్లు, నాన్న మాత్రం ఎత్తు ఎప్పుడూ చెప్పలేదు. మా ఇంట్లో ఆ మాట వాడం. 2021లో ఉప్పెన సినిమాకి అందరికీ టికెట్లు బుక్ చేశా. పేరు చూసి "నాకు పనుంది, మీరెళ్లండి" అన్నాడు. హంసలదీవికి సాగర సంగమం చూడ్డానికి ఊరంతా వెళ్తే, ఆయన గుడి దగ్గరే కూర్చుంటాడు. అలాంటాయనకి ఫోన్ చేసి పడవ కొంటున్నా అని చెప్పాలి.

ఆదివారం చేశా. చెప్పా. అవతల ఫ్యాను శబ్దం తప్ప ఏం వినపడలేదు. తిడతాడనుకున్నా. తిట్టలేదు. ధైర్యం వస్తుందేమో అని మన నేవీ పడవ తారిణి గురించి చెప్పా. ఆరుగురు ఆడవాళ్లు 2017 సెప్టెంబర్‌లో గోవాలో బయల్దేరి, 2018 మేలో ప్రపంచం చుట్టి వచ్చారని, అందులో విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బి. ఐశ్వర్య ఉన్నారని.

"అది ఎన్నడుగులు?"

"56."

"నీది?"

"26. లేదా 32."

మళ్లీ ఫ్యాను శబ్దం. తర్వాత అడిగాడు.

"తిరగబడితే లేస్తదా?"

ఆర్నెల్లలో మేం స్పీడ్ లెక్కేశాం, అద్దె లెక్కేశాం, పొయ్యికి ఎన్ని బర్నర్లో లెక్కేశాం. ఈ ప్రశ్న మా ఇద్దరిలో ఒక్కడూ అడగలేదు.

"లేస్తది నాన్నా," అన్నా. అని, ఎందుకో చెప్పాల్సి వచ్చింది. మన రేవుల్లో ఫైబర్ బోటు అడుగు దాదాపు పళ్లెంలా ఉంటుంది. ఇసుక మీదికి లాక్కోవాలి కాబట్టి అలాగే ఉండాలి. దానికి వెడల్పే బలం. ఒక హద్దు దాకా ఊగినా నిలబడుతుంది, హద్దు దాటితే బోర్లా పడి, అలాగే ఉండిపోతుంది. ఇవి అలా కాదు. అడుగున కీల్‌లో బరువు పోసి ఉంటుంది. తంజావూరు బొమ్మ గుర్తుందిగా, ఎలా పడేసినా లేచి కూర్చునేది? అది. 26 మొత్తం బరువు 2,450 కిలోల్లో 1,040 కిలోలు అడుగు బరువే. నూటికి 43. 32లో 4,310కి 2,040. నూటికి 47. ఒడ్డుకి లాగలేం, లోతు లేనిచోటికి పోలేం. 26కే నీళ్లు నాలుగడుగులు కావాలి, 32కి ఐదున్నర. ఆ ఇబ్బంది పడేది ఈ ఒక్క పని కోసమే.

"నువ్వు చూశావా లేవటం?"

చూళ్లేదు. అందుకని 1979 కథ చెప్పా. ఆ ఏడాది ఆగస్టులో ఫాస్ట్‌నెట్ అనే రేసు. ఇంగ్లండ్ నుంచి ఐర్లండ్ దగ్గరి ఓ రాయి చుట్టి రావాలి. 303 పడవలు బయల్దేరాయి. మధ్యలో తుఫాను పట్టుకుంది. రేసులో ఉన్న 15 మంది చనిపోయారు. 5 పడవలు మునిగాయి, 24 పడవల్ని మనుషులు వదిలేసి బయటపడ్డారు. అన్నిటికంటే చిన్న పడవల తరగతిలో ఆఖరి దాకా వెళ్లి రేసు పూర్తి చేసింది ఒక్కటే. దాని పేరు అసెంట్. కాంటెస్సా 32. ఒక్క పడవ బతికితే అది డేటా కాదు, అదృష్టం కూడా కావచ్చు, ఇంజినీర్‌గా నాకు తెలుసు. కానీ తర్వాత జరిగిన విచారణలో ఏ పడవ ఎంత ఒరిగాక కూడా తిరిగి లేస్తుందో లెక్కలు తీశారు. పూర్తిగా బోర్లా పడటం అంటే 180 డిగ్రీలు. 32 ఆ లెక్కలో 150 డిగ్రీలు దాటి ఒరిగినా లేచే రకం. రేసుల కోసం వెడల్పుగా, తేలిగ్గా కట్టిన అప్పటి కొత్త పడవలు అంతకంటే చాలా ముందే చేతులెత్తేసేవి. వాటిలో కొన్ని బోర్లా పడి కొంతసేపు అలాగే ఉండిపోతే, కింద మనుషులు ఉండిపోయారు.

ఆ ఆఖరి వాక్యం ఎందుకన్నానో నాకే తెలీదు. అనేశాక నాలిక కరుచుకున్నా.

నాన్న కొంచెంసేపటికి "అయితే పెద్దదే కొను" అన్నాడు. "తక్కువైతే నేను పంపిస్తా. రొయ్యల చెరువు లీజు డబ్బులున్నాయి."

నేను దేనికైనా రెడీ అయ్యాను గానీ దీనికి కాలేదు. సముద్రం మొహం చూడని మనిషి, నా పడవకి ఆరడుగులు ఎక్కువ కొనిపెడతానంటున్నాడు.

ఒప్పుకోవాలి, ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. పక్క నుంచి విరిగి పడే అల పడవ పొడవులో మూడో వంతు దగ్గరికి వస్తే చాలు, బోర్లా పడెయ్యగలదని తర్వాత చేసిన పరీక్షల్లో తేలింది. 30 శాతం అనుకుందాం. 26కి అది దాదాపు 2.4 మీటర్ల అల. 32కి మూడు మీటర్లకి కొంచెం తక్కువ. పొడవు కొనేది అది. అర మీటరు పైచిలుకు అల. నడిసంద్రంలో ఆ అర మీటరుకి విలువుంది. రోజుల తరబడి ఊగుడు తగ్గితే మనిషి నిద్రపోతాడు, నిద్రపోయినవాడు తప్పులు తక్కువ చేస్తాడు. నేను అట్లాంటిక్ దాటేవాణ్ణయితే కళ్లు మూసుకుని 32 తీసుకుంటా.

కానీ నేను దాటట్లేదు. నేను వాతావరణం చూసుకుని శనివారం పొద్దున వెళ్లి ఆదివారం సాయంత్రానికి వచ్చేవాణ్ణి. నాలాంటివాళ్ల ప్రమాదాలు చాలావరకు తుఫాన్లలో కాదు, మెరీనాలో పడవ కట్టేటప్పుడు, గాలి లేచాక తెరచాప దించలేక, తాడు చేతిలో జారిపోయి జరుగుతాయి. నాలుగు టన్నుల పడవని జెట్టీకి గుద్దుకోకుండా కాలితో ఆపబోతే కాలు పోతుంది. రెండున్నర టన్నులదాన్ని కూడా కాలితో ఆపకూడదు గానీ, తాడుతో నేనొక్కణ్ణే ఆపగలను. 26లో తెరచాప నేను ఒక్కణ్ణి దించగలను. 32లో ఆ రోజు గాలికి నావల్ల కాలేదు. నాన్న చూసిన నీళ్ల ముందు 26కీ 32కీ తేడా ఏం లేదు. అది ఆయనకి నేను చెప్పలేదు. ఆయనకి తెలుసు.

డబ్బులు వద్దన్నా. లీజు డబ్బులు చెల్లి పెళ్లికి ఉంచమన్నా. ఒక్కణ్ణే నడపగలిగింది ఏదో అదే కొంటానన్నా. "ఊ" అన్నాడు. ఆ "ఊ" అంటే సరేనని కాదు, వద్దనీ కాదు. కృష్ణా జిల్లాలో తండ్రి ఉన్నవాళ్లకి తెలుస్తుంది.

రూమ్మేట్‌తో కూడా తేలిపోయింది. వాడి లెక్క తప్పు కాదు. భార్యా, పిల్లా ఉన్నవాడికి 32 సరైన పడవే. పాప తల ఎత్తి నిలబడాలి, తలుపున్న టాయిలెట్ ఉండాలి, ఇంకో పెద్దమనిషి తాడు పట్టుకోవాలి. వాడి తప్పల్లా తెరచాప పట్టుకోవడం రాకముందే ఇల్లు వెతుక్కోవడం. చివరికి వాడి వాటా డబ్బులు ఏప్రిల్‌లో కొత్త ఫ్లాట్ అడ్వాన్సుకి పోయాయి. "నీ డబ్బాలకి నేను చుట్టంగా వస్త" అన్నాడు. మాట్లాడుకుంటున్నాం.

పోయిన శనివారం 26ని సర్వే కోసం క్రేన్‌తో నీళ్లలోంచి పైకి లేపారు. సర్వేయర్ చిన్న ప్లాస్టిక్ సుత్తి పట్టుకుని అడుగంతా కొట్టుకుంటూ పోయాడు, పుచ్చకాయ కొనేటప్పుడు కొట్టి చూస్తామే, అలా. మంచి ఫైబర్ టక్‌మంటుంది, లోపల పొరలు విడిపోతే డబ్బుమంటుంది. తేమ మీటర్ పెట్టాడు. చుక్కాని దగ్గర రెండు చోట్ల చిన్న బొబ్బలు దొరికాయి. నీళ్లు ఏళ్ల తరబడి పైపూతలోంచి లోపలికి ఇంకితే ఇలా వస్తాయి. గీకి, ఆరబెట్టి, పూడ్చాలి. ఆ పేరు చెప్పి 700 పౌండ్లు తగ్గించుకున్నా.

పడవ గాల్లో వేలాడుతుంటే నాన్న నుంచి వీడియో కాల్. నేను చెయ్యలేదు, ఆయనే చేశాడు. టైము ముందే అడిగి పెట్టుకున్నాడన్నమాట.

"అడుగు చూపించు."

చూపించా. కీల్ వెంబడి ముందు నుంచి వెనక్కి ఫోన్ తిప్పుకుంటూ నడిచా. నీళ్లలో ఉన్నప్పుడు బొమ్మలా కనిపించే పడవ బయటికొస్తే అడుగుభాగం ఎంత ఉందో. ఆయన కళ్లజోడు పెట్టుకుని స్క్రీన్‌కి దగ్గరగా వచ్చాడు. ఆయన నుదురు ఒక్కటే కనిపిస్తోంది నాకు.

"ఇందులోనేనా బరువు?"

"ఇందులోనే."

"ఎంతన్నావు?"

"వెయ్యీ నలభై కిలోలు."

"చేత్తో కొట్టు."

కొట్టా. పైన పొట్ట మీద కొడితే వచ్చే శబ్దం వేరు, కీల్ మీద వేరు. గోడని కొట్టినట్టుంది. ఇంకోసారి కొట్టమన్నాడు. కొట్టా. కింద కూడా కొట్టమన్నాడు. సర్వేయర్ నన్ను వింతగా చూశాడు.

తర్వాత ఫోన్ అమ్మకిచ్చాడు. అమ్మ పడవ వంకా చూడలేదు, కీల్ వంకా చూడలేదు. నా మొహం చూసి, చిక్కిపోయావంది. అడిగింది ఒక్కటే.

"బాత్‌రూమ్ ఉందా నాన్నా అందులో?"

26లో ముందు మంచాల మధ్య ఓ బకెట్‌కి కొంచెం పెద్దదైన టాయిలెట్ ఉంది. అడ్డంగా ఓ కర్టెన్. నేను ఫోన్ మళ్లీ కీల్ వైపు తిప్పా.